ఊపిరికీ తీగకూ కుదిరిన పొత్తు

క్లారినెట్ అనగానే మనకు పెళ్లి ఊరేగింపు, బ్యాండు మేళం గుర్తొస్తాయి. యూరప్‌లో అదే వాయిద్యం పియానో పక్కన చేరి, రెండు వందల ఏళ్లుగా ఒక చిక్కుముడి విప్పుకుంటూ వస్తోంది. పియానో మీట నొక్కాక ఆ స్వరం ఇక సన్నగిల్లాల్సిందే. క్లారినెట్ స్వరమో, ఊపిరి ఉన్నంతసేపూ నిశ్శబ్దంలోంచి లేచి పెరగగలదు. ఒకటి పుడుతూనే తరుగుతుంది, ఇంకొకటి పుట్టి ఎదుగుతుంది. వీటికి పొత్తు కుదిర్చిన తీరే ఈ జంట చరిత్ర అని నా నమ్మకం.

స్వరకర్త వెబర్ ఈ జంటకు రాసి 1816లో పూర్తిచేసిన 'గ్రాండ్ డ్యుయో'లో ఇద్దరూ సమఉజ్జీలు. పియానోది పక్కవాద్యం పని కాదు. అయినా అది పోటీయే, పొత్తు కాదు.

పొత్తు మరో స్వరకర్త బ్రామ్స్‌తో కుదిరింది. ఇక రాయడం చాలిద్దామనుకున్న ఆ పెద్దాయన 1891లో మైనింగెన్ ఆస్థాన వాద్యబృందంలో రిచర్డ్ మ్యూల్‌ఫెల్డ్ క్లారినెట్ విన్నాడు. మళ్లీ కలం పట్టాడు. 1894 వేసవిలో రెండు సొనాటాలు రాసి, తానే పియానో ముందు కూర్చుని మ్యూల్‌ఫెల్డ్‌తో కలిసి వాయించాడు. వాటిలో ఎవరూ గొంతు పెంచరు. ఒకరు వదిలిన మాటను మరొకరు అందుకుంటారు. ముసలితనంలో ఇంత లేతగా రాయగలిగినవాళ్లు అరుదు.

1913లో ఆల్బన్ బెర్గ్ ఆ సంభాషణను నాలుగు చిన్న ముక్కలకు కుదించాడు. మొత్తం ఎనిమిది నిమిషాలు దాటదు. వినబడీ వినబడని స్వరాలకు కూడా అందులో పూర్తి బరువుంది.

ఆ తర్వాత వాయిద్యాలే మారాయి. 1920లలో అమెరికాలో హెన్రీ కోవెల్ పియానో మీటలు వదిలి లోపలి తీగలను చేత్తో రుద్ది, వాటి చేత మూలుగులు పలికించాడు. 1967లో ఇటలీకి చెందిన బ్రూనో బార్తొలొజ్జి, ఊదే వాయిద్యం ఒకే ఊపిరిలో రెండు మూడు స్వరాలు పలకగలదని పుస్తకం రాసి చూపాడు. తీగ ఊపిరి వైపూ, ఊపిరి తీగ వైపూ చెరో అడుగు వేశాయన్నమాట.

ఈ దారిలోనే 1997లో మ్యూనిక్ వాసి యోర్గ్ విడ్మన్ ఈ జంటకు 'ఐదు శకలాలు' రాశాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు నిండలేదు. బ్రామ్స్‌కు మ్యూల్‌ఫెల్డ్ తారసపడాల్సి వచ్చింది. విడ్మన్ తానే క్లారినెట్ విద్వాంసుడు. రాసే చెయ్యీ ఊదే ఊపిరీ ఒక్కరివే.