కిటికీ చౌకట్టు - రాతినుండి ప్లాస్టిక్కు వరకు

ఇల్లు కట్టుకొను గృహస్థు గోడల విషయమున అంతగా తడబడడు. కిటికీ చౌకట్టు దేనితో చేయించవలెనను ప్రశ్న వచ్చినప్పుడే నలుగురు నాలుగు మాటలు చెప్పుదురు. 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలోనివే యైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణముల పరిసరములలో ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానము లభించినది.

భూపాలపల్లికి చేరువలో, ఇప్పటి ములుగు జిల్లాలోని పాలంపేటలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిని చూడుడు. గర్భగుడి ముందరి ద్వారమునకు ఇరుప్రక్కల రాతిపలకలను తొలిచిన జాలకము లున్నవి. రాతికి చెద పట్టదు, త్రుప్పు పట్టదు. కాని రాయి నొక్కుడును ఓర్చినంతగా సాగదీతను ఓర్వదు. ఓర్పు అందులో పదవవంతో, అంతకన్న తక్కువయో! పై బరువుకు రాతి దూలము క్రిందివైపు సాగి చిట్లును. కావున రాతి కట్టడమున వెడల్పైన కిటికీ దుర్లభము.

కలపకు ఈ దోషము లేదు. గోదావరి వైపు అడవులలో టేకు పుష్కలముగా నుండెడిది. అయితే కలపకు వేరొక గుణ మున్నది. తేమను పీల్చి అడ్డముగా ఉబ్బును, ఆరినప్పుడు కుంచించుకొనును. పొడవున మాత్రము మార్పు అత్యల్పము. వానకాలమున తలుపు బిగిసిపోవుట యిందువలననే. పచ్చి టేకు పూర్తిగా ఆరినను వలయముల వెంబడి సుమారు 5, 6 శాతము మాత్రమే కుంచించుకొనును. పైగా దాని చేవలో టెక్టోక్వినోను అను పదార్థ ముండుటచే చెదలు దానిజోలికి సులభముగా పోవు. చేవ చుట్టునున్న తెల్లని భాగమున కీ రక్షణ లేదు. మనిషికి సైతము చేవ ఉండవలెనని మనవారు ఊరక అనలేదు. లేతచెట్టు కలపలో ఆ తెల్లభాగమే హెచ్చు. నేటి క్రొత్త టేకుకన్న పాత ఇల్లు విప్పగా వచ్చిన చౌకట్టే మేలని నా అభిప్రాయము. ఆ కలప ఏండ్ల తరబడి ఆరి, కుదురుకొని యుండును.

1889 నాటికి రైలు జనగామ, మహబూబాబాదుల మీదుగా బెజవాడ చేరినది. దూరపు సరకు అందుబాటులోనికి వచ్చినది. ఇనుము బలమైనదే, కాని త్రుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించును. రంగు లేచిపోయిన ఇనుప చౌకట్టు చుట్టును గచ్చు పగులుట అందుచేతనే.

తరువాత అడవి తరిగినది. 1980లో అటవీ సంరక్షణ చట్టము, 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చి నరకుడును కట్టడి చేసినవి. 2014 ఏప్రిల్ నుండి బర్మా కూడ దుంగల ఎగుమతిని నిషేధించినది. టేకు సామాన్యునకు అందనిదైనది. పల్లెలలో వేప, తుమ్మ కొందరికి దిక్కైనవి. సిమెంటు చౌకట్లు మరికొందరికి.

అల్యూమినియమును చౌకగా తీయు విద్యుత్పద్ధతిని 1886లో హాల్, హెరూ అనువారు వేర్వేరుగా కనుగొనిరి. గాలి తగిలిన వెంటనే పైన ఏర్పడు పలుచని ఆక్సైడు పొరయే దానికి కవచము. కాని అది కలపకన్న వేయిరెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును. పడమటి గోడలో దానిని అమర్చి, మే నెల సాయంకాలము చేయి పెట్టి చూడుడు!

1950 దశకమున పశ్చిమ జర్మనీలో పుట్టిన గట్టి పి.వి.సి. చౌకట్టు వేడిని దాదాపు కలపవలెనే అడ్డుకొనును, చెదలకు లొంగదు. దాని చిక్కు వ్యాకోచము. మీటరున్నర పొడవుగల పట్టీ 30 డిగ్రీల వేడిమి పెరిగినచో సుమారు 3 మిల్లీమీటర్లు సాగును. అల్యూమినియము ఒక మిల్లీమీటరు, ఇనుము అందులో సగము. కావున గోడకును దానికిని నడుమ సందు విడిచి, మెత్తని పూరకముతో నింపవలెను. రాతికి, కలపకు అలవాటుపడిన మేస్త్రీ ఆ సందును సిమెంటుతో బిగించినచో, వేసవిలో పట్టీ వంగి రెక్కలు జరుగుట మానును. అప్పుడు గృహస్థు ప్లాస్టిక్కును నిందించును.