వంశావళి చూపలేని వారి తిరుగు ప్రయాణం

తార్నాకలోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో 2011లో, పక్కనే ఉన్న ఉస్మానియాలో 2012 ఏప్రిల్ 15న దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపారు. ఉస్మానియాలో అది ఘర్షణ దాకా వెళ్లింది. ఏ తిండిని చూపి తమను ఊరికి అవతల ఉంచారో దాన్నే నలుగురిలో వండుకు తినడం ఆ విద్యార్థులు ఎంచుకున్న జవాబు. అదే తిండికి గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు అంతకు రెండు దశాబ్దాల ముందే ఇంకో జవాబు చెప్పాయి. గొడ్డుమాంసం తినడం, చనిపోయినవారిని పూడ్చిపెట్టడం తమ పూర్వీకులు ఇశ్రాయేలీయులనడానికి గుర్తులని, అష్షూరు (అస్సీరియా) రాజులు చెరపట్టిన ఎఫ్రాయిము గోత్రం ఉత్తర భారతం మీదుగా తెలుగు నేలకు చేరిందని వారి వాదన. తమను తాము బెనె ఎఫ్రాయిము అని పిలుచుకుంటారు. ఈ వాదన ఎక్కడ పుట్టిందో తెలియాలంటే అష్షూరు కంటే ముందు కోస్తా పల్లెల్ని చూడాలి.

ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1878 జూలై 3న ఒక్క రోజులోనే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. వారిలో ఎక్కువమంది మాదిగలు. ఆ రోజుల్లో తెలుగు బైబిలు మాదిగపల్లెల్లోకి వచ్చింది. దానితోపాటే చెర, విడుదల, కూలిన మందిరాన్ని మళ్లీ కట్టడం అనే కథ కూడా ఇళ్లలో పాతుకుంది. కానీ మతం మారినా అంటరానితనం పోలేదు. 1985లో కారంచేడులో మాదిగల్ని, 1991లో చుండూరులో మాలల్ని చంపారు. 1994లో మాదిగ దండోరా మొదలైంది. క్రైస్తవ ప్రబోధకుడిగా ఉంటూ 1980లలో జెరూసలేం చూసివచ్చిన షమూయేల్ యాకోబి, ఆయన సోదరుడు సాదోక్ కలిసి కొత్తరెడ్డిపాలెంలో ఒక యూదు సమాజ మందిరం వెలిసేలా చేసింది సరిగ్గా ఈ కాలంలోనే. దండోరా ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ అడిగితే, ఈ అన్నదమ్ములు ఇంకా పాత చరిత్ర ఒకటి అడిగారు. రెండూ గౌరవం కోసం సాగిన వెతుకులాటలేనని నా అభిప్రాయం.

ఇక చెర, విడుదల అనే ఆ మూలకథకు వద్దాం. క్రీ.పూ. 539లో బబులోను పర్షియా రాజు కోరెషు చేతికి చిక్కింది. ఆయన సెలవుతో అక్కడ చెరలో ఉన్న యూదా వాళ్లు తిరిగి వచ్చారు. జెరుబ్బాబెలు వారి నాయకుడు. వచ్చినవారు 42,360 మందని ఎజ్రా గ్రంథం లెక్క చెబుతుంది. ఆ జాబితా చివర్లో అందరూ దాటేసి పోయే ఒక చిన్న పద్దు ఉంది. దెలాయ్యా, టోబీయా, నెకోదా వంశాలవారు 652 మంది వచ్చారు గానీ తమ పితరుల ఇల్లు ఏదో, తాము ఇశ్రాయేలీయులో కారో చూపలేకపోయారు. వారిని వెనక్కి పంపినట్టు ఆ గ్రంథం ఎక్కడా చెప్పదు. వంశావళి దొరకని యాజకుల్ని మాత్రం దేవుని నిర్ణయం అడిగే ఊరీము, తుమ్మీములతో తీర్పు చెప్పగల యాజకుడు వచ్చేదాకా పక్కన ఉంచారు. ఆ మాటకొస్తే నాయకుడి వంశావళే ఒక చిక్కుముడి. ఎజ్రా, హగ్గయి ఆయన్ని షయల్తీయేలు కుమారుడంటే, దినవృత్తాంతాలు పెదాయా కుమారుడంటాయి. అయినా క్రీ.పూ. 520లో ప్రవక్తలు హగ్గయి, జెకర్యా ప్రోద్బలంతో మందిరం పని మళ్లీ మొదలైంది, 515లో అది పూర్తయింది. పూర్తయిన చోట జెరుబ్బాబెలు పేరు కనబడదు. కట్టడం మాత్రం నిలిచింది.

వంశావళి చూపలేనివారికీ చోటుందనే ఈ పఠనానికి ఎజ్రా గ్రంథంలోనే ఎదురు సాక్ష్యం లేకపోలేదు. మేమూ మీ దేవుణ్నే వెదుకుతున్నాం, కలిసి కడతామంటూ వచ్చిన స్థానికుల్ని జెరుబ్బాబెలు తిప్పి పంపాడు. కాబట్టి ఈ కథ తలుపు తీసేదీ, వేసేదీ కూడా. చరిత్రకారుల అభ్యంతరం ఇంకా గట్టిది. ఎఫ్రాయిము ఉత్తర రాజ్యపు గోత్రం. క్రీ.పూ. 722 ప్రాంతంలో చెరపోయిన ఆ రాజ్యం వాళ్లు తెలుగు దేశం చేరారనడానికి శాసనం గానీ తవ్వకాల ఆధారం గానీ లేదు. ఈ విషయంలో బెనె ఎఫ్రాయిము వారి మాటను చరిత్రగా నేను అంగీకరించను. ఇలాంటి వాదనే ఉన్న మణిపూర్, మిజోరంల బ్నెయ్ మెనాషేను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తించారు, వీరికి ఆ గుర్తింపు దక్కలేదు. ఇజ్రాయెల్ వెళ్లి బాగుపడాలన్న ఆశే ఇదంతా అనేవారూ ఉన్నారు. ఆశ ఉండొచ్చు, పేద కూలీకి ఆశ తప్పు కాదు. కానీ 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారినే గుర్తిస్తుంది. యూదులుగా నమోదైతే ఇక్కడ కలిసొచ్చేదేమీ లేదు. అయినా దశాబ్దాలుగా సబ్బాతు పాటిస్తూ అదే ఊళ్లో ఉన్నారంటే దాన్ని లాభాపేక్ష అని కొట్టిపారేయలేం.

యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరిపై ఇంగ్లీషులో మంచి పుస్తకం వెలువరించారు. కులం, తిండి, గౌరవం గురించి గట్టిగా ప్రశ్నించిన ఉస్మానియా, ఇఫ్లూ క్యాంపస్‌ల పరిశోధకులు కొత్తరెడ్డిపాలెం కూడా వెళ్లాలి. ఆ మందిరం కట్టిన తరం ఉండగానే వారి మాటల్ని తెలుగులో రికార్డు చేయాలి.