పక్షభేదమును గూర్చి తొలి హెచ్చరికలు

ప్రజలే ప్రభువులైన రాజ్యమున రాజకీయ పక్షములు లేకుండుట నేడు మన యూహకు కూడ అందదు. ఎన్నికలన్నచో పక్షములు, పక్షములన్నచో ఎన్నికలు అని ఈ రెండును మన తలపులో పెనవేసికొని యున్నవి. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములను స్థాపించిన పెద్దలు పక్షమను మాటను ఒక రోగము పేరువలె పలికిరి. పక్షములు తమ రిపబ్లికును చెఱచునని పదే పదే హెచ్చరించిరి. ఆ హెచ్చరికలెట్టివి? హెచ్చరించినవారే వానినెంతవఱకు పాటించిరి? అందులో మనము నేర్వదగినదేమి? శ్రోతలకు నేడు మనవి చేయదలచినది ఈ విషయమే.

ఈ భయము వారితో పుట్టినది కాదు. శాంతిపర్వమున ధర్మరాజు గణముల వృద్ధిక్షయములను గూర్చి యడుగగా, భీష్ముడు గణములకు వెలుపలి శత్రువుకంటె లోపలి భేదమే ప్రాణాంతకమనియు, లోభక్రోధములే ఆ భేదమునకు మూలములనియు బోధించెను. గ్రీసు, రోము దేశముల చరిత్రములను చదివినవారికి పడమటను ఇదే పాఠము దొరకినది. అమెరికా నాయకులు ఆ చరిత్రములను శ్రద్ధతో చదివినవారు.

1780వ సంవత్సరమున ఇంగ్లండుతో స్వాతంత్ర్యయుద్ధ మింకను జరుగుచుండెను. రాయబారము నెఱపుటకై హాలండులో నుండిన జాన్ ఆడమ్సు స్వదేశమందలి యొక మిత్రునకు లేఖ వ్రాయుచు, రిపబ్లికు రెండు పెద్ద పక్షములుగా చీలి, ఒక్కొక్కటి తన నాయకుని వెనుక బారులు తీర్చి, రెండవదానికి అడ్డు తగులుటయే పనిగా పెట్టుకొనునేమో యని తన భయమును తెలిపెను. 1789లో పారిస్ నగరమున రాయబారిగా నుండిన తామస్ జెఫర్సను ఇంకొకడుగు ముందుకు వేసి, పక్షముతో కలిసి పోవలసివచ్చినచో తనకు స్వర్గమైనను వలదని మిత్రునకు వ్రాసెను. పదునొకండేండ్లు తిరుగకముందే ఈ యిరువురును ఎదురెదురు పక్షముల యభ్యర్థులై నిలిచిరని ముందుగా చెప్పియుంచెదను.

ఈ రెండు లేఖల నడుమ, 1787లో ఫిలడెల్ఫియా నగరమున రాజ్యాంగము సిద్ధమయ్యెను. అందు రాజకీయ పక్షమను ప్రస్తావనయే లేదు. దాని నామోదింపుడని ప్రజలకు నచ్చజెప్పుటకు అలెగ్జాండరు హామిల్టను, జేమ్సు మాడిసను, జాన్ జే అను మువ్వురు "పబ్లియస్" అను మాఱుపేరుతో 85 వ్యాసములు వ్రాసిరి. 1787 నవంబరు 22వ తేదీన వెలువడిన పదవ వ్యాసము మాడిసనుది. ఇతరుల హక్కులకుగాని లోకహితమునకుగాని విరోధముగా ఏదో ఆవేశముచేతనో స్వలాభముచేతనో కూడిన జనసమూహమునకు ఆయన కక్ష యని పేరు పెట్టెను. ఆ సమూహము కొద్దిమందియైనను కావచ్చును, అధికసంఖ్యాకులైనను కావచ్చును. మనుష్యులకు బుద్ధులు వేఱు, ఆస్తులు వేఱు. అప్పిచ్చినవానికిని అప్పుపడినవానికిని, భూమి గలవానికిని వర్తకునకును మేలు ఒక్కటి కాదు. కావున కక్షలు పుట్టక మానవు. స్వేచ్ఛను తీసివేసినచో కక్షలు నశించును. కాని అది మంట భయముచే ఊపిరాడు గాలిని తొలగించుట వంటిది. మఱి యుపాయమేమి? దేశము విశాలమైనచో కక్షలనేకములై, ఏ యొక్కటియు దేశమంతటిని పట్టి పీడింపజాలదని మాడిసను వాదము. కక్షలు గ్రామమందలి చిన్న చెఱువులవలె వేఱు వేఱుగా నిలుచునని ఆయన తలచెను. అవి కాలువలు త్రవ్వుకొని రెండు మహాసరస్సులగునని తలచలేదు.

ఆ కాలువలు త్రవ్వుటకు ఎక్కువకాలము పట్టలేదు. 1789లో జార్జి వాషింగ్టను ఏకగ్రీవముగా అధ్యక్షుడయ్యెను. ఆయన మంత్రులలో హామిల్టను ఆర్థికశాఖను, జెఫర్సను విదేశాంగశాఖను వహించిరి. హామిల్టను యుద్ధకాలమున రాష్ట్రములు చేసిన ఋణములను కేంద్రముపై వేసికొనజేసెను. 1791లో జాతీయ బ్యాంకును స్థాపింపజేసెను. ఈ పనులు ధనికులకు మేలు, కర్షకులకు కీడు అనియు, రాజ్యాంగము గీచిన గీటును దాటుచున్నవనియు జెఫర్సను పట్టుబట్టెను. మాడిసను ఆయనతో చేరెను. 1793లో ఇంగ్లండునకును ఫ్రాన్సునకును యుద్ధము రాగా వైరము ముదిరెను. హామిల్టను వారు ఫెడరలిస్టులైరి. జెఫర్సను వారు రిపబ్లికనులైరి. ఆనాటి యా రిపబ్లికను పక్షము వేఱు, నేడు ఆ పేర నున్నది వేఱు. నేటిది 1854లో పుట్టినది.

కలహమునకు పత్రికలు నెయ్యి పోసినవి. ఫెన్నో యనువాని పత్రిక హామిల్టనును మోసెను. దానికి పోటీగా 1791 అక్టోబరులో ఫ్రెనో యను కవి వేఱొక పత్రికను ప్రారంభించెను. ఆ కవికి జెఫర్సను తన శాఖలోనే ఏటికి 250 డాలర్ల జీతముపై అనువాదకుని పని యిచ్చియుండెను. ప్రభుత్వపు జీతమును తినుచు ప్రభుత్వమునే తిట్టుట యేమి యని హామిల్టను మాఱుపేర్లతో వ్యాసములు వ్రాసి దాడి వెడలెను. ఒకే మంత్రిసభలో కూర్చున్న యిరువురు మంత్రులు పత్రికలలో ముసుగులు వేసికొని పోరాడుచుండిరి.

వృద్ధుడైన వాషింగ్టను దీనిని చూచి నొచ్చుకొనెను. 1792 ఆగస్టులో మూడు దినముల యెడముతో ఇరువురకును వేఱు వేఱుగా లేఖలు వ్రాసి, ఒకరి నొకరు సహింపుడని వేడుకొనెను. ఇరువురును ఒకేనాడు, సెప్టెంబరు 9వ తేదీన, ప్రత్యుత్తరములు వ్రాసిరి. రెండింటి సారాంశమును ఒక్కటే: తప్పు తనది కాదు, ఎదుటివానిది! జెఫర్సను 1793 చివర పదవిని వదలెను.

ఈ యనుభవమంతయు వాషింగ్టను వీడ్కోలు సందేశమునకు వెనుక నున్నది. ఆయన దీనిని ఏ సభయందును చదువలేదు. 1796 సెప్టెంబరు 19వ తేదీన ఫిలడెల్ఫియాలోని యొక పత్రికలో అచ్చువేయించెను. అందు ఆయన ముందుగా ప్రాంతములనుబట్టి యేర్పడు పక్షములను గూర్చి హెచ్చరించెను. ఉత్తరదేశమని దక్షిణదేశమని పక్షములు చీలినచో, సోదరులు కావలసినవారు ఒకరికొకరు పరాయివారగుదురు. తరువాత పక్షబుద్ధియే యెంత చెడ్డదో వివరించెను. అది మానవస్వభావమున వేరు పాఱినది. ప్రజాప్రభుత్వములందు మఱింత విజృంభించును. ఒక పక్షము గెలిచి రెండవదానిపై పగ తీర్చుకొనుట, అది గెలిచినపుడు ఇది యనుభవించుట, ఈ వంతులాటయే యొక నిరంకుశత్వము. దానితో విసిగిన ప్రజలు తుదకు ఒక్క మనుష్యుని కాళ్లపై బడి శాంతిని వెదకుకొందురు. ఆతడు వారి స్వేచ్ఛపై తన సింహాసనము వేసికొనును. మఱియు ఇంటిపోరు గల చోట విదేశీయులకు దొడ్డిదారి దొరకును. రాజులేలు దేశమున పక్షములు కొంత మేలు చేయవచ్చును. ప్రజలెన్నుకొను ప్రభుత్వమున వానికి ప్రోత్సాహమక్కఱలేదు. చలికాచుకొను నిప్పు ఇల్లు కాల్పకుండ ఎల్లప్పుడును కనిపెట్టుకొని యుండవలెనని ఆయన భావము.

ఇచట గమనింపదగిన చిత్రమొకటి గలదు. ఈ సందేశమునకు మొదటి చిత్తు 1792లో వ్రాసి యిచ్చినవాడు మాడిసను; 1796లో దానిని పెంచి తీర్చినవాడు హామిల్టను. పక్షములు వలదను సందేశమును కూర్చిన కలములు రెండును ఎదురు పక్షముల నాయకులవి. ఆ పెద్దలు కపటులా? కాదని నా తలంపు. ప్రతివాడును ఎదుటిది పక్షమనియు, తనది దేశమనియు నిజముగనే నమ్మెను. వాషింగ్టనును ఇందుకు వెలికాడు. ప్రభుత్వమును విమర్శించుచుండిన ప్రజాసంఘములను 1794లో ఆయన బహిరంగముగా నిందించెను. ప్రభుత్వమును కాదనుట వేఱు, రాజ్యమును కాదనుట వేఱు అను వివేకము ఆనాటి వారికింకను పూర్తిగా కుదురలేదు.

ఆ వివేకము లేమి యెంత కీడు చేయునో 1798లో తేలెను. 1796 ఎన్నికలలో ఆడమ్సునకు 71 ఓట్లు, జెఫర్సనునకు 68 ఓట్లు వచ్చినవి. నాటి నియమము ననుసరించి మొదటివాడు అధ్యక్షుడును, ఆతని ప్రత్యర్థియే ఉపాధ్యక్షుడును అయిరి. ఫెడరలిస్టులు తమ బలముతో రాజద్రోహ శాసనము నొకదానిని చేసిరి. అధ్యక్షునిగాని కాంగ్రెసునుగాని అపనిందలతో కించపఱచినవారికి రెండేండ్ల వఱకు చెఱ, 2,000 డాలర్ల వఱకు జరిమానా. ఉపాధ్యక్షుడైన జెఫర్సనును తిట్టుట మాత్రము నేరము కాదు! వెర్మాంటు రాష్ట్రపు ప్రతినిధి మాత్యూ లయను నాలుగు నెలలు చెఱనుండెను. చెఱలో నుండగనే ఓటర్లు ఆతనిని మరల నెన్నుకొనిరి.

1800 ఎన్నికలలో ఫెడరలిస్టులోడిరి. కాని జెఫర్సనునకును, ఆయన పక్షమువాడే యైన ఆరన్ బర్‌నకును సమానముగా 73 ఓట్లు వచ్చినవి. నిర్ణయము ప్రతినిధిసభకు చేరెను. 1801 ఫిబ్రవరి 11 మొదలు 17 వఱకు 36 మాఱులు ఓట్లు తీసిన పిదప జెఫర్సను గెలిచెను. బర్‌కంటె జెఫర్సనే మేలని తన పక్షమువారికి లేఖలు వ్రాసినవాడు ఆయన పరమవిరోధి హామిల్టను. మార్చి 4వ తేదీ తెల్లవాఱకముందే ఆడమ్సు రాజధానిని విడిచిపోయెను. క్రొత్త అధ్యక్షుని ప్రమాణోత్సవమును చూచుటకు ఆయన మనసొప్పలేదు. మనసొప్పకున్నను, పదవిని మాత్రము అప్పగించిపోయెను. ఒక్క సిపాయి కదలలేదు, ఒక్క తుపాకి ప్రేలలేదు. మంత్రులలేఖలకు గాని, వృద్ధుని వీడ్కోలుమాటలకు గాని దొరకని విరుగుడు ఆ ప్రాతఃకాలమున ఆ గుఱ్ఱపుబండితో దొరకినది. ఓడినవాడు పోవుట, గెలిచినవాడు ఓడినవానిని చెఱబెట్టకుండుట — నిప్పునకు కట్టిన పొయ్యి ఇదియే. జెఫర్సను ఆ శాసనము క్రింద శిక్షితులైన వారిని క్షమించి విడిచెను. 1804లో రాజ్యాంగమును సవరించి అధ్యక్షునకును ఉపాధ్యక్షునకును ఓట్లు వేఱు వేఱుగా వేయు నేర్పాటు చేసిరి.

అంతటితో కథ సుఖాంతమని చెప్పరాదు. అదే 1804లో ఉపాధ్యక్ష పదవిలో నుండిన బర్ ద్వంద్వయుద్ధమున హామిల్టనును కాల్చి చంపెను. వాషింగ్టను మొదటి హెచ్చరికయు నిజమైనది: 1860లో బానిసత్వపు సమస్యపై దేశము ప్రాంతములుగా చీలి ఓట్లు వేసెను, 1861 మొదలు 1865 వఱకు అన్నదమ్ములు రక్తము చిందించుకొనిరి. పొయ్యి కట్టినంత మాత్రమున కావలి మానరాదని దీని యర్థము.

మన రాజ్యాంగసభలో 1949 నవంబరు 25వ తేదీన డాక్టరు అంబేడ్కరు చేసిన ప్రసంగము ఈ హెచ్చరికల కోవలోనిదే. కులమతములను పాత శత్రువులకు తోడు భిన్నసిద్ధాంతములు గల పక్షములు కూడ వచ్చుచున్నవనియు, పక్షములు తమ సిద్ధాంతమును దేశముకంటె పైన నుంచినచో స్వాతంత్ర్యము మరల ప్రమాదమున పడుననియు ఆయన నుడివెను. పక్షములను మాన్పుడని ఆయన కోరలేదు. ఏది పైన, ఏది క్రింద అను వరుసను మఱవవలదనెను.

అమెరికా సెనేటులో 1896 మొదలు ఏటేట వాషింగ్టను జన్మదినసందర్భమున ఆ వీడ్కోలు సందేశమును ఒక సభ్యుడు నిలిచి చదువుచుండును. చదువువాని నొక యేడు ఒక పక్షమునుండి, మఱుసటి యేడు రెండవ పక్షమునుండి యెన్నుదురు. పక్షములు వలదను మాటను పక్షములు వంతులు వేసికొని చదువుట నవ్వు పుట్టించవచ్చును. కాని ఒకడు చదువునపుడు ఎదుటివాడు కూర్చుండి వినుట, వచ్చు యేడు వాని వంతు వచ్చునని ఓర్చుకొనుట, ఇదియు చిన్న విషయము కాదు. ఆ వంతు ఎదుటివానికి దక్కనిత్తుమా లేదా యన్న ప్రశ్నను ప్రతి తరమువారును తమకు తామే వేసికొనవలసి యున్నది.