ఆగి చూసే వ్యవధి: మోరియా శరణార్థి శిబిరంలో స్వల్పకాలిక మిషన్ బృందాల నైతిక పరిమితి

గ్రీసు దేశంలోని లెస్బోస్ ద్వీపంలో మోరియా శిబిరాన్ని సుమారు 3 వేల మంది కోసం ఏర్పాటు చేశారు. 2020 తొలి నెలల నాటికి శిబిరంలోనూ, చుట్టుపక్కల ఆలివ్ తోటల్లోనూ కలిపి 20 వేల మంది దాకా తలదాచుకున్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో అగ్నికి ఆహుతయ్యేదాకా ఈ శిబిరానికి ఐరోపా, అమెరికా సంఘాల నుంచి క్రైస్తవ బృందాలు వస్తూ ఉండేవి. చాలామంది కొద్ది వారాలు పనిచేసి తిరిగి వెళ్లేవారు. ఇలాంటి బృందాల వల్ల మేలు జరిగిందా, లేక సేవ పేరిట మతప్రచారం సాగిందా అన్న రెండు ప్రశ్నల దగ్గరే చర్చ సాధారణంగా ఆగిపోతుంది. వాటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న కాలానికి సంబంధించినది. సహాయం వేరు, విశ్వాసం వేరు అని అవసరంలో ఉన్న మనిషికి నమ్మకం కలిగించాలంటే సహాయం చేసినవారు అక్కడే నిలిచి, ఆగి చూడగలగాలి. ఆ వ్యవధి లేని బృందం శిబిరం లోపల మతమార్పిడికి ఆహ్వానం పలకకూడదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ముందుగా ఈ బృందాల పక్షాన ఉన్న బలమైన సాక్ష్యాన్ని చూడాలి. ఐరోపా సమాఖ్య, టర్కీల మధ్య 2016 మార్చి 18న కుదిరిన ఒప్పందంతో మోరియా నిర్బంధ కేంద్రంగా మారింది. ఆ విధానంలో భాగస్వాములం కాలేమంటూ డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ శిబిరం లోపలి పనిని ఆపేసింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కూడా అక్కడ కొన్ని కార్యకలాపాలను నిలిపివేసింది. ఆ సమయంలో వెనుదిరగని క్రైస్తవ సంస్థలలో యూరోరిలీఫ్ ముఖ్యమైనది. గుడారాల కేటాయింపు, దుప్పట్ల పంపిణీ వంటి పనులను అది స్వల్పకాలిక సేవకులతోనే నడిపింది. చలిలో నేలమీద పడుకున్న కుటుంబానికి ఆ పూట అందిన దుప్పటి విలువను ఏ సిద్ధాంత విమర్శా తగ్గించలేదు. అయితే గుడారం ఎవరికి దక్కాలో నిర్ణయించే చేతికి శరణార్థి జీవితంపై అధికారం కూడా ఉంటుంది. అరబిక్ భాషలోని యోహాను సువార్త ప్రతులు, విశ్వాసాన్ని అంగీకరించే పత్రాలు శిబిరంలోని ముస్లింలకు పంచారని 2016 ఆగస్టులో గార్డియన్ పత్రిక రాసినప్పుడు వివాదం రేగింది అందుకే. సహాయాన్ని మతపరమైన ప్రయోజనాలకు వాడుకోరాదని రెడ్‌క్రాస్ ఉద్యమం, ఇతర సహాయ సంస్థలు 1994లో రూపొందించుకున్న ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ప్రపంచ సంఘాల మండలి, వాటికన్, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి 2011లో కలిసి వెలువరించిన పత్రం కూడా పేదరికాన్నీ అవసరాన్నీ ఆసరాగా తీసుకుని మనుషులను ఆకర్షించడాన్ని తిరస్కరించింది. అంటే ఈ హద్దు బయటివారు విధించింది మాత్రమే కాదు, క్రైస్తవ సంఘం తనకు తాను గీసుకున్నది కూడా.

ఈ హద్దు ఆచరణలో ఎలా నిలుస్తుందో తెలుగు నేల చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, కరువు సహాయం సాగినన్నాళ్లు, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. కృతజ్ఞత, కుల అణచివేత నుంచి విముక్తి కోరిక ఆ నిర్ణయంలో పనిచేయలేదని అనలేం. కానీ కూలి ఆగిన తరువాత కూడా కోరిక నిలిచిందా లేదా అన్న పరీక్షకు అవకాశం దొరికింది. క్లౌ 1866 నుంచి ఒంగోలులోనే ఉన్నాడు, తెలుగు నేర్చాడు, కరువు తరువాత కూడా అక్కడే ఉంటానని ఎరిగినవాడు. ఆగడం అతనికి సాధ్యమైంది అందువల్లనే. తిరుగు టికెట్టు చేతిలో పెట్టుకుని వచ్చిన సేవకుడికి సహాయమూ ఆహ్వానమూ ఆ కొద్ది రోజుల్లోనే ఇమడాలి. వాటి మధ్య ఎడం పెట్టాలని అతను ఎంత మనస్ఫూర్తిగా కోరుకున్నా ఆ వ్యవధి అతని దగ్గర లేదు.

ఈ తొందర భారం చివరికి శరణార్థిపైనే పడుతుంది. ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి వచ్చినవారికి మతం మారడం ఆశ్రయ దరఖాస్తును మార్చేసే విషయం. స్వీడన్‌లో క్రైస్తవుడైన ఒక ఇరానీయుడి కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2016 మార్చి 23న తీర్పు ఇస్తూ, మతమార్పిడి వల్ల స్వదేశంలో కలిగే ముప్పును పరిశీలించకుండా తిప్పి పంపరాదని స్పష్టం చేసింది. ఆ రక్షణ అవసరమైనదే. దానితోపాటే ఆ విశ్వాసం నిజమైనదేనా అని అధికారులు ఆరా తీయడమూ ఉంటుంది. ఆ విచారణ నాటికి, శిబిరంలో తోటివారు దూరం పెట్టే నాటికి, పత్రం చేతికిచ్చిన సేవకుడు తన ఊళ్లో ఉంటాడు. తోడు నిలవలేని చోట అంత పెద్ద నిర్ణయానికి ప్రేరేపించడం ప్రేమకు తగిన పని కాదు.

దీనిపై రెండు బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. విశ్వాసం గురించి వినే హక్కు, దాన్ని ఎంచుకునే హక్కు శరణార్థికి ఉన్నాయి కదా, మౌనం పాటించడం అతన్ని తెలివిలేనివాడిగా చూడటం కాదా అన్నది మొదటిది. ఆ హక్కు నిస్సందేహంగా ఉంది. దాన్ని కాపాడాలనే ఈ ప్రతిపాదన. అడిగినవారికి తన నమ్మకం గురించి నిజాయితీగా జవాబు చెప్పవచ్చు, స్థానిక సంఘం దారి చూపవచ్చు. పంపిణీ వరుసకు దూరంగా, ఏడాది పొడవునా తలుపు తెరిచి ఉండే సంఘంలోనే ‘వద్దు’ అనే స్వేచ్ఛ కూడా అతనికి మిగులుతుంది. రెండోది, సువార్త చెప్పనప్పుడు అది మిషన్ ఎలా అవుతుందన్న వేదాంత అభ్యంతరం. మంచి సమరయుని ఉపమానంలో గాయపడినవాడి మతం గురించిన ప్రస్తావనే లేదు. అక్కడ చేసిన సేవకు గాయపడినవాడి అవసరమే చాలిన కారణం.

కాబట్టి స్వల్పకాలిక బృందం శిబిరానికి వెళ్లడం తప్పు కాదు. అక్కడే స్థిరంగా ఉండే సిబ్బంది కింద, బట్టలు వేరుచేయడం, గుడారాలు వేయడం వంటి పనులకు ఒప్పుకుని వెళ్లడం సమంజసం. పంపే సంఘాలు ఎంతమంది మారారని అడగడం మానాలి. తమ బృందం వెనుదిరిగాక ఆ పనిని ఎవరు కొనసాగిస్తున్నారో, వారికి ఏం కావాలో అడగాలి. సాక్ష్యం చెప్పాలన్న కోరిక బలంగా ఉన్నవారు ఆ జనం భాష నేర్చుకుని, వారి మధ్య ఏళ్ల తరబడి ఉండటానికి సిద్ధపడాలి.