నోటి తడి కోసం వందేళ్ల వెతుకులాట

మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి వైపు పాన్‌ఠేలాల్లో ఖర్రా తయారీ అందరూ చూసేదే. పోకచెక్క తురుము, పొగాకు, సున్నం పాలిథిన్ కాగితంలో వేసి రుద్ది రుద్ది ఇస్తారు. ఆ ముద్ద గంటల తరబడి ఒకే బుగ్గన ఉంటుంది. క్యాన్సర్ పుండూ ఎక్కువగా అక్కడే లేస్తుంది. ఆపరేషనయ్యాక ‘కరెంటు పెట్టించుకోవడానికి’, అంటే రేడియేషన్ చికిత్సకు, నాగపూరుకో, గోదావరి దాటి హైదరాబాదుకో పోతుంటారు. ఆరేడు వారాలకు తిరిగొచ్చిన చాలామందికి గుటక గుటకకూ నీళ్లు తాగితే తప్ప అన్నం ముద్ద దిగదు.

రేడియేషన్ లాలాజలాన్ని ఎండగడుతుందని ఫ్రాన్సు వైద్యుడు బెర్గోనియే 1911లోనే రాశాడు. అయినా ప్రాణం దక్కింది కదా, నోరెండితే ఏమిటన్న ధోరణే దశాబ్దాలు సాగింది. ఇది అన్యాయం. లాలాజలం లేకపోతే తిండి రుచించదు, మాట పెగలదు, పళ్లు పుచ్చిపోతాయి. పాత పద్ధతిలో రెండు చెంపల వైపు నుంచీ కిరణాలు పంపేవారు. చెవుల ముందుండే పెరోటిడ్ గ్రంథులు రెండూ ఆ దారిలోనే పడేవి. మొదటి వారంలోనే ఊట బాగా తగ్గిపోయేది.

ముందు మందులతో ప్రయత్నించారు. అమెరికాలో 1994లో పైలోకార్పిన్‌కు, అణుయుద్ధ భయంతో సైన్యం రూపొందించిన అమిఫోస్టిన్‌కు 1999లో ఇందుకు అనుమతి దొరికింది. రెండోదానితో వాంతులు, బీపీ పడిపోవడం వచ్చేవి. అసలు మలుపు అదే 1999లో మిషిగన్‌లో వచ్చింది. పెరోటిడ్‌కు సగటున 26 గ్రే (రేడియేషన్ డోసు కొలమానం) దాటకుండా చూస్తే ఊట మళ్లీ కోలుకుంటుందని ఐస్‌బ్రుక్ బృందం లెక్కతో చూపింది. గ్రంథిని తప్పించి కిరణాలను మలిచే ఐఎంఆర్‌టీకి అదే కొలబద్ద అయింది. 2011లో బ్రిటన్ పరిశోధనలో, ఏడాది తర్వాత కూడా నోరెండిపోయి బాధపడేవారు పాత పద్ధతిలో 74 శాతం, ఐఎంఆర్‌టీలో 38 శాతం.

మన దగ్గర ముంబయి టాటా మెమోరియల్ 60 మందిపై చేసిన పరిశోధన 2012లో వెలువడింది. చికిత్స సమయంలో గ్రంథులకు చెప్పుకోదగ్గ దెబ్బ తగిలినవారు పాత పద్ధతిలో 89 శాతం, ఐఎంఆర్‌టీలో 59 శాతం. తేడా ఉంది, కానీ బాధ పూర్తిగా పోలేదు. తిండి లేనప్పుడు నోటిని తడిపేది ప్రధానంగా దవడ కింది గ్రంథి. దాన్నీ కాపాడాలి.

బుగ్గ క్యాన్సర్ చాలాసార్లు ఒక పక్కకే పరిమితం. అలాంటప్పుడు రెండో పక్క గ్రంథులను కాపాడే వీలుంటుంది. అందుకే కరెంటు మొదలుకాక ముందే డాక్టరును అడగండి: ‘రెండో పక్క లాలాజల గ్రంథులకు ఎంత డోసు పడుతుంది?’ పళ్ల డాక్టరుకు చూపించుకోవలసిందీ అప్పుడే.