దోషాన్వేషణము: లినక్స్ చరిత్రలో ఒక ఘట్టము

యంత్రము చెడినప్పుడు, చెడుగు కనిపించిన చోటనే దోషమున్నదని తలచుట మనకందరకు అలవాటు. రేడియోలో గరగర వినిపించినచో ముందుగా పెట్టెనే అనుమానింతుము. కారణము ఏరియలులో ఉండవచ్చును, పొరుగింటి మోటారులో ఉండవచ్చును. కంప్యూటరు చరిత్రలో ఈ సత్యమును 2008 నాటి సంఘటన యొకటి చక్కగా నిరూపించినది.

కంప్యూటరులోని పరికరములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని నడిపించు మూల సాఫ్ట్‌వేరును కెర్నెల్ అందురు. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నెల్, నేడు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులలో గూడ పనిచేయుచున్నది. పలు దేశముల వారు కలిసి దానిని వ్రాయుచుందురు. క్రొత్త వెర్షనులో వేలకొలది మార్పులు చేరును. కనుక తుది విడుదలకు ముందు, ఇంచుమించు వారమున కొకటిగా పరీక్షా ప్రతులు వెలువడును. వానిని తమ యంత్రములపై నడిపి చూచువారే ఈ వ్యవస్థకు ఆధారము.

2008లో 2.6.27 వెర్షను పరీక్షా ప్రతులు నడుచుచుండగా, ఇంటెల్ వారి నెట్‌వర్కు కార్డులు కొన్ని మూగవోయినవి. క్రొత్త కెర్నెల్ చెడినచో పాతదానితో యంత్రమును లేపుట పరీక్షకుల ఆనవాయితీ. ఇచ్చట ఆ ఉపాయము పారలేదు. విద్యుత్తు ఆపినను నిలిచియుండవలసిన కార్డులోని స్మృతియే పాడైనది.

దోషము తెచ్చిన మార్పును పట్టుటకు, 2005లో పుట్టిన గిట్ అను సాధనములో సగపాలు పద్ధతి యున్నది. మంచి ప్రతికిని చెడ్డ ప్రతికిని నడిమి ప్రతిని పరీక్షించి, దోషములేని సగమును విడిచి, మిగిలిన సగమును మరల విభజింతురు. పదివేల మార్పులున్నను పదునాలుగు పరీక్షలు చాలును. కాని ఈ దోషము విషయమున, చెడ్డదని తేలిన ప్రతి పరీక్షయు ఒక కార్డును బలిగొనవచ్చును!

అనుమానము మొదట ఆ కార్డును నడుపు ఇ1000ఇ డ్రైవరుపై పడినది. పిదప తెరపై బొమ్మలు చూపు ఎక్స్ సర్వరుపైకి మరలినది. కారణము తేలకమునుపే, కార్డు స్మృతిపై వ్రాతకు తాళము వేయు సవరణ చేర్చి, అక్టోబరు 9న 2.6.27ను విడుదల చేసిరి.

తుదకు బయటపడిన దోషి ఎవరు? కెర్నెల్ నడకను గమనించుటకై ఆ వెర్షనులోనే క్రొత్తగా చేర్చిన ఎఫ్‌ట్రేస్. అది తాను మార్చవలసిన చోట్ల చిరునామాలను పట్టీగా వ్రాసికొనును. వానిలో కొన్ని, పని ముగిసి ఖాళీచేసిన స్థలములు. ఆ చిరునామాలే తరువాత కార్డు స్మృతికి దక్కినవి. పాత కాపురస్థునికై వచ్చినవాడు క్రొత్త కాపురస్థుని కొంప కూల్చినట్లు, ఎఫ్‌ట్రేస్ వ్రాత కార్డుపై పడినది. పోల్చిచూచి, సరిపోయిననే మార్చు ఆజ్ఞను అది వాడినది. కాని ఆ ఆజ్ఞ సరిపోకున్నను ఏదో యొకటి వ్రాయకమానదు. కొలది దినములలోనే వచ్చిన 2.6.27.1లో ఆ సౌకర్యమును నిలిపివేసిరి.

నింద మోసిన డ్రైవరు ఈ కథలో బాధితురాలే. ఏ ప్రతి వరకు బాగున్నది, ఏ ప్రతినుండి చెడినది, ఏ కార్డుపై చెడినది అని ఓపికతో తెలిపిన పరీక్షకులు లేకున్న, ఆ వెర్షను తాళము లేకయే ఎన్నో ఇండ్లకు చేరియుండెడిది. మన ఫోనునకు నిశ్శబ్దముగా వచ్చి చేరు ప్రతి నవీకరణము వెనుకను ఇట్టివారి శ్రమ యున్నదని మనము మరువరాదు.