నెత్తురు కాలవకు లెక్క కట్టిన కథ



పోయిన నెల సమావేశం ముగిశాక మన సంఘంలోని ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. వాళ్ళింటావిడకు స్కాన్ తీస్తే మెదడు రక్తనాళంలో చిన్న బుడగ కనబడిందట. "స్టెంట్ పెట్టొచ్చు, ముందు కంప్యూటర్లో పెట్టి చూస్తాం అన్నారయ్యా. మనిషికి పెట్టాల్సింది కంప్యూటర్లో పెట్టడమేమిటి?" అని అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాం. ఇంటికొచ్చి చదివి ఇది రాస్తున్నాం.

ఆ బుడగను అన్యూరిజమ్ అంటారు. నాళం గోడ బలం తగ్గిన చోట, ఎక్కువగా కొమ్మలు చీలే దగ్గర, ఉబ్బుతుంది. చాలామందిలో అలాగే ఉండిపోతుంది. పగిలితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

ఒకప్పుడు అది పగిలేదాకా తెలిసేదే కాదు. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు నాళాలను ఎక్స్‌రేలో చూపించాడు. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ పుర్రె తెరిచి బుడగ మెడకు క్లిప్పు వేశాడు. మన వైపు 1949లో వేలూరులో జేకబ్ చాండీ గారు, 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో రామమూర్తి గారు మెదడు శస్త్రచికిత్స విభాగాలు మొదలుపెట్టారు. అప్పటికి మన తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు మారినా పెద్ద జబ్బు చేస్తే మనవాళ్ళ దారులు మారలేదు: ఇటు మద్రాసు, అటు వేలూరు.

1990లో గుగ్లియెల్మి పుర్రె తెరవకుండా నాళం లోపలినుంచే సన్నని తీగచుట్టతో బుడగను నింపే పద్ధతి తెచ్చాడు. ఆ తరువాత వచ్చిందే ఫ్లో డైవర్టర్ అనే స్టెంట్. అమెరికాలో 2011లో దానికి అనుమతి వచ్చింది.

అది పనిచేసే తీరు మన జిల్లావాళ్ళకు తేలిగ్గానే అర్థమవుతుంది. పూండికి కృష్ణా నీళ్ళు తెచ్చే కాలవను తలచుకోండి. వంపు దగ్గర గట్టు కోసుకుపోయి పక్కన గుంట పడిందనుకుందాం. గుంట నోటికి అడ్డంగా దట్టమైన తడిక కడితే నీళ్ళు నేరుగా సాగిపోతాయి. గుంటలో నీరు నిలిచి, మెల్లగా పూడుకుపోతుంది. సన్నటి తీగలతో అల్లిన ఈ స్టెంట్ కూడా ఆ తడికే. బుడగలో నెత్తురు నెమ్మదించి గడ్డకడుతుంది. అందుకు నెలలు పడుతుంది. అందరికీ మూసుకోదు కూడా.

ఎవరికి మూసుకుంటుందో ముందే తెలుసుకోవడం ఎలా? ఇక్కడే కంప్యూటర్ వస్తుంది. స్కాన్ నుంచి ఆ మనిషి నాళాన్నే బొమ్మగా తయారుచేస్తారు. అందులో స్టెంట్ బొమ్మ అమరుస్తారు. లోపలి చోటును లక్షల చిన్న గదులుగా విడదీసి, గుండె కొట్టుకునే ఒక్కో క్షణానికి ఒక్కో గదిలో నెత్తురు వేగం, ఒత్తిడి ఎంతో లెక్క కడతారు. 19వ శతాబ్దంలో నావియర్, స్టోక్స్ ఇచ్చిన సమీకరణాలే ఆధారం. విమానం రెక్క మీద గాలికీ అవే.

ఈ లెక్కల చరిత్రలో మనవాళ్ళ పాత్ర ఉంది. 1986లో బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్‌లో ఇలాంటి ప్రవాహాల లెక్కలకే ఫ్లోసాల్వర్ అనే కంప్యూటర్ పని మొదలైంది. అప్పటి డైరెక్టర్ రొద్దం నరసింహ గారు. ఇంటిపేరులోని రొద్దం అనంతపురం సీమ ఊరు. 1990లలో హైదరాబాదులో డాక్టర్ సోమరాజు గారు, అబ్దుల్ కలాం గారు కలిసి గుండెకు తక్కువ ధర స్టెంట్ చేశారు. 2021లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ మెదడుకు ఫ్లో డైవర్టర్ రూపొందించినప్పుడు నిటినాల్ అనే లోహం ఇచ్చింది ఆ బెంగళూరు సంస్థే. విమానాల కోసం మొదలైన చోటి నుంచే నరాల వైద్యానికి సరుకు వచ్చింది.

అదే 2021లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 82 మంది 'కంప్యూటర్ రోగుల'కు ఈ స్టెంట్ పెట్టి చూశారు. ఫలితాలు నిజమైన రోగుల మీద జరిగిన పరీక్షలకు దగ్గరగా వచ్చాయి. ఇంకో సంగతీ బయటపడింది: బుడగ దగ్గరనుంచి కొమ్మ నాళం బయలుదేరినా, రక్తపోటు ఎక్కువున్నా, స్టెంట్ విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

ఈ విషయాలే మొన్న ఆ పెద్దాయనకు చెప్పాం. కంప్యూటర్ వైద్యుడు కాదు, మనం ఇచ్చిన కొలతలకే అది జవాబిస్తుంది, చివరి మాట డాక్టరుదే అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే కాలవ తవ్వకముందు గొలుసు పట్టినట్టన్నమాట" అన్నారు. అంతకన్నా బాగా మేమూ చెప్పలేం. ఇంటావిడ బీపీ మాత్ర మధ్యలో మానేసిందని కూడా అప్పుడే బయటపెట్టారు. ఆ సాయంత్రమే డాక్టరుకు చెప్పమన్నాం.

కాబట్టి మిత్రులారా, బీపీ మాత్రలు సొంతంగా ఆపకండి. పొగ మానండి. ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా పిడుగులా వస్తే ఇంట్లో పడుకోబెట్టకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇది ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.